చలికి మొరాయించిన డీజిలు కారు

ధనుర్మాసం వచ్చిందంటే చలికాలం వచ్చిందని మాటవరుసకు అంటాం గాని, మన కోవిల్‌పట్టిలో చలి ఎంతపాటిదో అందరికీ తెలిసినదే. తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టే ఆడవాళ్లు కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటారు. ముసలివాళ్లు తలకు తువాలు చుట్టుకుంటారు. ఎనిమిది గంటలు కొట్టేసరికి ఎండ చురుక్కుమంటుంది. అంతటితో మన చలి సరి. అటువంటి ఊరివాడు చలికి కారు స్టార్టు కాకపోతే ఏమి చేయాలో రాయడానికి కూర్చున్నాడంటే చదువరులు నవ్వుకుంటే తప్పు లేదు.

అయితే సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ నుంచి మనవాళ్ల బండ్లు కొడైకానలుకో ఊటీకో బయలుదేరే రోజులివి. కొడైకానలు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్నది. ఊటీ ఇంకా పైన, సుమారు 2,240 మీటర్లు. జనవరిలో కొడైకానలు రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగుతాయి. ఊటీ పల్లాలలోనయితే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. సాయంత్రం దర్జాగా కొండ ఎక్కిన డీజిలు బండి మరునాడు తెల్లవారి మూగదైపోతే ఇంటిల్లిపాదీ దిక్కులు చూడవలసి వస్తుంది. నాకు అది జరిగింది కనుకనే ఈ నెల ఈ సంగతి ఎత్తుకున్నాను.

2016 జనవరి. అప్పుడు మా ఇంట ఉన్నది ఇంకొకరు వాడి అమ్మిన పాతకాలపు డీజిలు కారు. అమ్మను, ఇంటిదాన్ని, పిల్లలిద్దరినీ ఎక్కించుకొని, దారిలో నమలడానికి కడలై మిఠాయి పొట్లాలు కట్టుకొని కొడైకానలు వెళ్లాం. బసచేసిన చోట వీధి అంతా ఎక్కుడు. బండిని ముక్కు పైకి ఉండేటట్టు, వెనక గోడకు ఆనుకొనేటట్టు నిలిపాను. రెండవనాడు తెల్లవారి అయిదు గంటలకు ఫోను. విరుదునగర్‌లో మా పెద్దమామకు రాత్రి నుంచి బాగా లేదు, చెల్లెలిని చూడాలంటున్నాడు, వెంటనే రమ్మన్నారు.

పది నిమిషాలలో అందరం బండిలో ఉన్నాం. నేను తాళం తిప్పీ తిప్పగానే సెల్ఫు కొట్టాను. ఇంజను తిరిగింది గాని అంటుకోలేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ. వెనక సీటులో అమ్మ చేతిసంచి ఒడిలో పెట్టుకొని ఏమీ అనకుండా కూర్చున్నది. ఆమె మాట్లాడకపోయేకొద్దీ నా చేతికి తొందర పెరిగింది. పదోసారికో పన్నెండోసారికో ఇంజను తిరగడం మానివేసి "కట్ కట్" అన్నది. బ్యాటరీ అయిపోయింది. తోయిద్దామంటే ముందు ఎక్కుడు, వెనక గోడ. బాడుగ కారుకు కబురు పెడితే తొమ్మిదికి గాని రాలేమన్నారు.

ఏడు గంటలకు ఒక ముసలి మెకానికు దొరికాడు. వచ్చీరాగానే ఆయన అడిగిన మాట ఒక్కటే: "పొగై వరుదా, తంబి?" పొగ వస్తున్నదా అని. గంటన్నర సేపు ఆ కారుతో కుస్తీ పట్టినవాణ్ణి, వెనక పొగ వస్తున్నదో లేదో ఒక్కసారయినా చూడలేదు. ఆయన బానెట్టు ఎత్తి, ఒక బల్బు, ఒక తీగె పట్టుకొని నాలుగు హీటరు ప్లగ్గులనూ తాకించి చూశాడు. మూడు చచ్చిపోయి ఉన్నాయి. ఒక జీపును పక్కకు తెచ్చి, దాని బ్యాటరీ నుంచి తీగెలు కలిపి, బతికిన ఆ ఒక్క ప్లగ్గుకే రెండు మూడుసార్లు వేడి పట్టించి, అప్పుడు సెల్ఫు కొట్టించాడు. తెల్లని పొగ బుస్సుమన్నది. ఒక సిలిండరు అంటుకున్నది, కుంటుతూ రెండవది, పిమ్మట మిగతావి. "అవసరప్పడాదే, తంబి" అన్నాడు డబ్బు తీసుకుంటూ. తొందరపడవద్దని.

ఎనిమిదికి బయలుదేరి, వత్తలగుండు, మధురై మీదుగా మేము విరుదునగర్ చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. పది గంటల దాకా మామ "చెల్లెలు వచ్చిందా" అని అడుగుతూనే ఉన్నాడట. తరువాత మాట పడిపోయింది. అమ్మ చేయి పట్టుకొని కూర్చున్నది. ఆ చేయి ఎవరిదో ఆయనకు తెలిసిందో లేదో మాకెవరికీ తెలియదు. ఆ రాత్రే పోయాడు.

కోవిల్‌పట్టికి తిరిగి వచ్చిన తరువాత మా వీధి మెకానికు ఆ ప్లగ్గులను ఊడదీసి చూసి, ఇవి నిన్న మొన్న పోయినవి కావు, ఏడాది పైమాటే అన్నాడు. అప్పుడు గాని నాకు అసలు సంగతి బోధపడలేదు. మన ఊరి వెచ్చదనంలో ఆ ప్లగ్గులు ఉన్నా లేకపోయినా ఇంజను అంటుకుంటుంది. అందుచేత అవి చచ్చిన సంగతే మనకు తెలియదు. జబ్బు కోవిల్‌పట్టిలోనే పుట్టింది, కొండమీది చలి దానిని బయటపెట్టింది, అంతే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే. మిగతాది వివరం.

డీజిలు ఇంజను ఎట్లా అంటుకుంటుందో ముందు తెలుసుకుందాం. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది లేదు. అగ్గిపెట్టెల ఊరివాళ్లం గనుక ఇట్లా చెప్పుకుందాం: పెట్రోలు ఇంజను గీసి వెలిగించే పుల్ల, డీజిలు ఇంజను గీయకుండానే వెలగవలసిన పుల్ల. సిలిండరులోని గాలిని ఇంచుమించు ఇరవయ్యో వంతుకు అదిమితే అది 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు పంపు అడుగు కాలడం చూసే ఉంటారు, అదే సూత్రం. ఆ కాగిన గాలిలోకి నాజిలు నుంచి డీజిలు తుంపరగా పడితే తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిలు అనే జర్మను ఇంజనీరు 1892లో దీనికి పేటెంటు కోరి, 1897లో ఔగ్స్‌బర్గు పట్టణంలో పనిచేసే ఇంజనును చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇటువంటి ఇంజనును ఒకదానిని వేరుసెనగ నూనెతో నడిపించారు. వేరుసెనగతో మిఠాయి చేసే ఊరికి, నూనె వ్యాపారం చేసే విరుదునగర్‌కు ఇది ముచ్చటైన కబురే గదా!

ఇక చలి చేసే చెరుపు నాలుగు విధాలు. మొదటిది, లోపలికి వచ్చే గాలే చల్లనిది. పైగా సిలిండరు గోడలు మంచుముద్దల్లా ఉండి, అదిమినప్పుడు పుట్టిన వేడిని పీల్చుకుంటాయి. రెండవది, బ్యాటరీ నీరసిస్తుంది. సున్నా డిగ్రీల చలిలో దాని బలం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మూడవది, ఇంజను ఆయిలు చిక్కబడి, తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. బలం తగ్గిన బ్యాటరీకి బరువు పెరిగిందన్నమాట. ఇంజను మెల్లగా తిరిగితే అదిమిన గాలి సందులలోంచి జారిపోయి వేడి పుట్టదు. నాలుగవది, కొండమీద గాలి పలచన. 2,100 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి మన ఊరిలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులకు కొంచెం పైన మాత్రమే.

ఈ కొరత తీర్చడానికే హీటరు ప్లగ్గులు. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కటి చొప్పున ఉండి, కరెంటుతో కొస ఎర్రగా కాలి, లోపల వేడి పుట్టిస్తాయి. తాళం మొదటి మెట్టు తిప్పగానే ఎదుట పసుపుపచ్చని దీపం ఒకటి, చుట్టలు చుట్టిన తీగె బొమ్మతో వెలుగుతుంది. అది వెలుగుతూ ఉంటే "ఆగు, వేడి పడుతున్నది" అని అర్థం. ఆరిన తరువాతనే సెల్ఫు కొట్టాలి. మనలో చాలామందిమి ఏళ్ల తరబడి ఆ దీపాన్ని లక్ష్యపెట్టం, మన ఊరిలో పెట్టవలసిన అవసరం రాదు గనుక. ఇంకొక సంగతి. పాత బండ్లలో ఆ దీపం గడియారం లెక్కన వెలిగి ఆరుతుంది. నాలుగు ప్లగ్గులూ చచ్చినా అది తన మానాన తాను వెలిగి ఆరుతుంది. దీపం వెలిగింది కదా, ప్లగ్గులు బాగున్నాయని నమ్మరాదు.

ఇప్పుడు తెల్లవారి బండి మొరాయించిందనుకోండి. నేను పనిచేసేది ఆఫీసులో గనుక నాకు తెలిసిన పద్ధతిలో చెబుతాను. ఫైలు కదలకపోతే అందరి మీదా అరిచి ప్రయోజనం లేదు. ఏ బల్ల మీద ఆగిందో వరుసగా చూసుకుంటూ పోవాలి. కారుకూ అంతే. చెవితో ఒకటి, కంటితో ఒకటి చూడాలి.

చెవితో చూడవలసినది ఇంజను తిరిగే చప్పుడు. "కట్ కట్" మని ఆగిపోయినా, ఆయాసపడుతూ తిరిగినా బ్యాటరీ బల్ల దగ్గరే ఫైలు ఆగిందన్నమాట. ముందు బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లని బూజును గీకి, బిగించి చూడాలి. చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది. కాకపోతే ఇంకొక బండి నుంచి తీగెలు కలపాలి. ముందు ఎర్ర తీగెతో రెండు బ్యాటరీల ప్లస్సులను కలపాలి. తరువాత నల్ల తీగెను మంచి బ్యాటరీ మైనసుకు పెట్టి, రెండవ కొసను చచ్చిన బ్యాటరీకి గాక, ఆ బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి ఎడంగా తగిలించాలి. బ్యాటరీ నుంచి వెలువడే వాయువు నిప్పురవ్వకు పేలగలదు.

ఇంజను చురుకుగా తిరుగుతున్నా అంటుకోకపోతే, అప్పుడు కంటితో చూడాలి. ఒకరు సెల్ఫు కొడుతుంటే ఇంకొకరు వెనక గొట్టం దగ్గర పక్కకు నిలబడి పొగను చూడాలి. ఆ ముసలాయన అడిగిన ప్రశ్నలో విద్య అంతా ఉన్నది.

తెల్లని పొగ వస్తుంటే డీజిలు లోపలికి చేరుతున్నది గాని మండడం లేదు, వేడి చాలలేదని అర్థం. అనగా హీటరు ప్లగ్గులు, లేక వాటికి కరెంటు ఇచ్చే ఫ్యూజు, రిలే. అటువంటప్పుడు దీపం ఆరేవరకు ఆగడం, తాళం వెనక్కు తిప్పి మళ్లీ వేడి పట్టించడం, ఇట్లా రెండు మూడుసార్లు చేసి సెల్ఫు కొట్టాలి. ఒక్కసారికి పది పదిహేను సెకండ్లకు మించి కొట్టరాదు. మధ్య ఒక నిమిషం విరామం ఇవ్వాలి. బ్యాటరీ ఆ నిమిషంలో కొంత తేరుకుంటుంది. సెల్ఫు మోటారు కూడా చల్లబడుతుంది.

పొగే లేకపోతే డీజిలు చేరడం లేదు. ట్యాంకులో ఎంత ఉన్నదో చూడండి. తక్కువ డీజిలుతో ఏటవాలున నిలిపితే పీల్చే గొట్టానికి అందక గాలి పట్టవచ్చు. పాత పంపులలో డీజిలును తెరచి మూసే చిన్న మీట కరెంటుతో పనిచేస్తుంది. తాళం తిప్పగానే పంపు దగ్గర "టిక్" మని చిన్న చప్పుడు రావాలి. రాకపోతే అక్కడికి కరెంటు అందలేదు. గాలి పట్టిందనుకుంటే ఫిల్టరు మీది చేతిపంపును గట్టిపడేవరకు నొక్కాలి. ఫిల్టరు అడుగున ఉన్న మరను కొంచెం వదులు చేస్తే చేరిన నీరు దిగిపోతుంది. ఈ పనులన్నీ పాతకాలపు బండ్లకు. ఈ కాలపు కామన్ రైలు ఇంజన్లలో నాజిళ్లకు పోయే గొట్టాలలో ఒత్తిడి వెయ్యి బార్లకు పైనే ఉంటుంది. ఆ గొట్టాలను ఎవరూ విప్పరాదు. సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. ఆ బండ్లు సాధారణంగా ఈ మాత్రపు చలికి జంకవు. జంకితే బ్యాటరీని చూసుకొని, ఆపైన తెలిసినవాణ్ణి పిలవడమే మేలు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. గాలి గొట్టంలో ఈథరు కొట్టమని సలహా ఇచ్చేవారుంటారు. హీటరు ప్లగ్గు కాలుతున్న ఇంజనులో అది భగ్గుమని మంట లేస్తుంది, రింగులు పగలవచ్చు. చల్లబడిన పంపు మీద సలసల కాగిన నీళ్లు పోస్తే బిగుసుకుపోవచ్చు, పగలవచ్చు. ట్యాంకు కింద మంట పెట్టడమన్న మాట ఎత్తనే వద్దు. పల్లంలో వదిలి గేరు వేసి అంటించడం పాత బండ్లకు కుదురుతుంది గాని, ఇంజను అంటుకోనంత వరకు బ్రేకు రాయిలా ఉంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఘాటురోడ్డు వంపులలో ఆ సాహసం పనికిరాదు.

డీజిలే గడ్డకట్టిందేమోనని కొందరికి సందేహం. ధనుర్మాసంలో మన ఇంటి కొబ్బరినూనె సీసాలో పేరుకోవడం చూసినవారికి ఆ సందేహం రావడం సహజమే. డీజిలులోనూ మైనం ఉంటుంది. గట్టి చలికి అది తేలి ఫిల్టరును మూసేస్తుంది. లడఖ్‌లో ఈ బాధ తీర్చడానికే 2019 నవంబరులో ఇండియన్ ఆయిలు సంస్థ సున్నాకు దిగువన 33 డిగ్రీలలో కూడా పేరుకోని ప్రత్యేకమైన డీజిలును ప్రవేశపెట్టింది. కొడైకానలు చలి అంతటిది కాదు. అక్కడ బండి మొరాయిస్తే డీజిలును గాక ముందు ప్లగ్గులను, బ్యాటరీని అనుమానించండి.

కాబట్టి చేయవలసిన పని కొండమీద కాదు, బయలుదేరే ముందు ఇక్కడ. వారం ముందుగా బండిని మెకానికు దగ్గర పెట్టి హీటరు ప్లగ్గులను ఒక్కొక్కటిగా చూపించండి. ప్లగ్గు తీగె విప్పి, పరీక్ష బల్బు ఒక కొసను బ్యాటరీ ప్లస్సుకు, రెండవ కొసను ప్లగ్గు తలకు తాకిస్తే బల్బు వెలగాలి. వెలగకపోతే ఆ ప్లగ్గు కాలిపోయింది. నిమిషం పని. బ్యాటరీని కూడా కొలిపించండి. రాత్రంతా ఊరక ఉన్న బ్యాటరీ తెల్లవారి 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగమే. బ్యాటరీని అసలు చంపేది చలి కాదు, ఎండ. మన నల్లరేగడి సీమ ఎండలలో రెండు మూడు వేసవులు ఉడికిన బ్యాటరీ ఇక్కడ ఎట్లాగో నెట్టుకొస్తుంది, కొండమీద ఒక్క రాత్రికి తేలిపోతుంది. ఫిల్టరులో నీరు దింపించండి. ఇంజను ఆయిలు బండి పుస్తకంలో చెప్పిన రకమేనా అని అడగండి. పైకి చేరిన సాయంత్రమే ట్యాంకు నింపండి. ఖాళీ ట్యాంకులో రాత్రి తేమ నీరై డీజిలులో దిగుతుంది. బండిని ముక్కు పల్లానికి కాకపోయినా, కనీసం ఇంకొక బండి పక్కకు వచ్చే వీలున్న చోట నిలపండి.

ఆ నాలుగు ప్లగ్గులకూ నాకు అయిన ఖర్చు మేము కొడైకానలులో ఒక పూట భోజనానికి పెట్టినంత. పోయిన మూడు గంటలకు మాత్రం ఏ అంగడిలోనూ సరుకు దొరకదు.

ఆ సంగతి గురించి అమ్మ నన్ను ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. ఆ కారు పోయి వేరే బండి వచ్చింది, అదీ డీజిలుదే. చిత్తిరై ఎండలో, కోవిల్‌పట్టి వీధిలో, గుడికి బయలుదేరినా సరే, నేను తాళం తిప్పగానే వెనక సీటులో నుంచి అడుగుతుంది: "దీపం ఆరిందా, నాయనా?"

ఆరేదాకా ఆగి, ఆరిందమ్మా అని చెప్పి, అప్పుడు సెల్ఫు కొడతాను.